గాజుల చప్పుడు

ఉరుకుందుకు దవడ బిగుసుకుపోయి మూడు రోజులైంది. బేతంచెర్ల దగ్గర నాపరాళ్ల గనిలో ఉలి జారి కాలికి దిగితే, గనిలో అందరికీ తెలిసిన వైద్యమే అతనూ చేసుకున్నాడు. గాయంలో ఇంత రాతిపొడి అద్ది, గుడ్డ చుట్టి, మళ్లీ పనిలో కూర్చున్నాడు. పదో రోజుకు ముద్ద నోట్లోకి పోలేదు. ధనుర్వాతమని కర్నూలు ఆసుపత్రిలో చేర్చుకున్నారు. అది రెండువేల మూడు, నడివేసవి.

కిటికీలకు దుప్పట్లు కట్టిన గదిలో పట్టపగలే చీకటి. మనిషి దగ్గర ఒక్కరే ఉండాలన్నారు. భార్య నాగజ్యోతి ఉంది. అత్త గిడ్డమ్మ, ఊరి ఆడవాళ్లు బయట వరండాలో కూర్చున్నారు.

డాక్టరు శ్రీవాణి నాగజ్యోతిని తలుపు దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పింది. "చూడమ్మా, మన ఒంట్లో కొన్ని నరాలు కండను లాగమంటాయి. చాలు, ఆగు అనే గుంపు ఇంకోటి ఉండాది. చెయ్యి ముడిచినప్పుడు, చాచే కండను ఊరకుండమని చెప్పేది అదే. ఈ విషం ఆ ఆపే నరాల నోరు మూసేసింది. ఇప్పుడు వెలుతురు పడినా, చిన్న చప్పుడైనా అడ్డం లేకుండా ఒళ్లంతా పాకుతాది. అన్ని కండలూ ఒకేసారి బిగుస్తాయి, ఊపిరి కూడా ఆడదు. మందులిస్తాండాం. ఆ నరాలు తేరుకునేదానికి వారాలు పడతాది. అందాకా చప్పుడును మనమే ఆపల్ల."

నాగజ్యోతికి సగమే అర్థమైంది. ఆ సగానికే చెప్పులు తలుపు బయట విడిచి లోపలికి పోయింది.

తడిగుడ్డతో అతని పెదాలు తుడవబోతే చేతిగాజులు గలగలమన్నాయి. అంతే, ఉరుకుందు నడుము విల్లులా పైకి లేచింది. తలా మడమలూ మాత్రమే పరుపు మీద ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి, పాపం, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి ఆ మనిషికి. మొహం నల్లబడింది. నర్సు సూది వేశాక ఎప్పటికో ఊపిరి తిరిగొచ్చింది.

నర్సు ఆమె చేతుల వైపు చూసి, "తీసెయ్" అంది.

మొగుడు బతికుండగా గాజులు తీయడమా? నాగజ్యోతి కొంగు చింపి గాజుల చుట్టూ కట్టింది. అయినా సన్నగా మోగాయి, అతని దవడ అదిరింది. ఇక ఆలోచించలేదు. బాత్రూంలోకి పోయి, ఒక్కటి కూడా పగలకూడదని దేవుళ్లకు మొక్కుకుంటూ, సబ్బు రాసి ఊడదీసింది.

సాయంత్రం నీళ్లకని చెంబుతో వరండాలోకి వచ్చింది. గిడ్డమ్మ కోడలి మొహం చూడలేదు, బోసి చేతులు చూసింది. "అయ్యో కొడుకా" అని నోరు తెరిచింది. వెనక ఆడవాళ్లందరూ గొంతు కలపడానికి లేచారు. మన ఊళ్లలో చావు ఏడుపు ఒకరు మొదలుపెడితే ఇక ఆపేవాళ్లుండరు.

లోపల ఇనుపమంచం కిర్రుమంది.

అత్త ఎదుట ఏనాడూ గొంతెత్తని నాగజ్యోతి, ఒక్క అంగలో పోయి ఆమె నోటిమీద అరచేయి వేసి అదిమింది. పళ్లు దిగినా వదల్లేదు.

"బతికే ఉండాడత్తా," అంది చెవిలో. "నువ్వు అరిస్తే సస్తాడు."

గిడ్డమ్మ కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. చెయ్యి చాపి, పక్కామె నోరు మూసింది.