గుండుసూది

తుప్పు పట్టనీ, తొందరేముంది, అనుకుంది వెర్నెల్, సెనేటర్ హార్‌గ్రోవ్ కాగితాలన్నిటికీ గుండుసూదులు ఊడదీసి కొత్త అట్టల్లో సర్దుతూనే ఆ ఒక్క ప్రసంగానికి మాత్రం సూదిని అలాగే వదిలేసి, విశ్వవిద్యాలయం తనను పెట్టుకున్నది ఆ వంశం కాగితాలు చెడకుండా చూడమనే, చూస్తుంది, ఇదొక్కటి తప్ప, నల్లపిల్లలు తెల్లపిల్లల బడి గడప తొక్కితే ఊళ్లో బళ్లన్నిటికీ తాళం వేయిస్తానని ఆయన తన చేత్తో రాసుకున్న ఈ పేజీలను తుప్పు కొద్దికొద్దిగా కొరుక్కుతినాలి, ఆయన ఇంటి వంటగది పనిమనిషైన తన అమ్మమ్మ మోకాళ్లను తిన్నట్టు, తాళం నిజంగానే పడి అమ్మ చదువు ఆరో తరగతిలో ఆగిపోయింది, తెల్లపిల్లలకు మాత్రం చర్చి వెనక వేరే బడి లేచింది, వర్జీనియా ఎండకు పొగాకు చేలో అమ్మ చేతులు నల్లటి జిగురు పట్టి, అయినా సంతకం పెట్టేటప్పుడు ఎంత గుండ్రంగా పెట్టేదో.

తలుపు చప్పుడైంది, సెనేటర్ మనవరాలు మిస్ అగస్టా, చేతిలో హామ్ బిస్కెట్ల డబ్బా, నువ్వు సన్నబడ్డావు వెర్నెల్ అంటూ వచ్చి బల్ల మీద అమ్మమ్మ ఫొటో చూసి, అయ్యో మా ఫీలీ, మా ఇంటి మనిషే అనుకో, అంది, ఇంటి మనిషట, ముందు గుమ్మంలోంచి ఒక్కనాడూ రానివ్వని ఇంటి మనిషి, ఇంటిపేరే లేని ఇంటి మనిషి, పాలు తాగే ఈ అగస్టాను అమ్మమ్మ మిస్ అగస్టా అనాలి, మాటలొచ్చాక ఈవిడ అమ్మమ్మను ఫీలీ అని కేకేయాలి, తనకూ నాలుక మీద ఆ మిస్ అలాగే అతుక్కుపోయింది, ఛీ, ఇంకా.

ఇంతలో ఆవిడ చూపు ప్రసంగం మీద పడింది, గొంతు తగ్గింది, దీన్నెందుకు దాస్తావమ్మా, తుప్పు పట్టింది, ఎలాగూ పోయేదే, పోనిచ్చేయ్, మా తాతయ్య మనసు అలాంటిది కాదు.

పోనిచ్చేయాలట, వెర్నెల్‌కు ఒళ్లు మండింది, వీళ్లకు కావలసింది అదే, తను ఇన్నాళ్లూ కసి అనుకుని చేస్తున్నది వీళ్ల ఊడిగమే, అమ్మమ్మ తర్వాత తను, గోటితో పోయేదానికి గొడ్డలెందుకని గోటి కొసతోనే సూదిని మెల్లగా లాగి, కాగితం చిరగకుండా, పొడి కూడా రాలకుండా, అన్నిటికన్నా మంచి అట్టలో పెట్టి, మీ తాతయ్య మాట ఒక్కటి కూడా పోనివ్వను అగస్టా, అంది, మిస్ లేకుండా, ఆవిడ ముఖం పాలిపోవడం చూస్తూ, ఫొటో వెనక అమ్మమ్మ పూర్తి పేరు శ్రీమతి ఒఫీలియా గెయిన్స్ అని అమ్మలాగే గుండ్రంగా రాస్తూ, పోనిస్తే వాళ్లు బతికిపోతారు, దాచాలి, అక్షరం చెదరకుండా దాచాలి.