వెలగని టెస్టర్

టెస్టర్ వెలగలేదు. అందుకే అఫ్రాజ్ ఆ వైరు పట్టుకున్నాడు.

మరుక్షణం నిచ్చెన మీద నుంచి ఎగిరిపడ్డాడు. ప్రాణం దక్కింది గానీ, కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయి మళ్ళీ తెరుచుకోలేదు. బెజవాడ వన్ టౌన్‌లో సగం ఇళ్ళకి వైరింగు చేసిన మనిషి, ఆ తర్వాత సొంతింట్లో బల్బు మార్చడానికి కూడా లేవలేదు. వేళ్ళు పోయినందుకు కాదు. టెస్టర్ పెట్టి చూశాకే కదా ముట్టుకున్నాడు! అన్నీ సరిగ్గా చేసినా కరెంటు కాటేస్తే, ఇక దేన్ని నమ్మి పనిచెయ్యాలి?

తల్లి అన్వరీ పనిముట్ల సంచీని తీసుకెళ్ళి ఏలూరు కాలవలో పారేసింది.

అది తొంభై ఏడు వానాకాలం. మరుసటేడు ఎండలు ముదిరాక, ఎప్పుడూ అఫ్రాజ్ చేతే పని చేయించుకునే సంపూర్ణమ్మగారు కంకిపాడు నుంచి కబురు పెట్టింది. పాత ఇంటికి వైరింగంతా మార్చాలి, రేపు వస్తే సరే, లేకపోతే వేరేవాళ్ళని పిలుస్తానంది.

“నేను చేస్తాను. మీరు పక్కనుండి చెప్పండి,” అంది భార్య ముబీనా. అతను తెచ్చిన స్విచ్ బోర్డులకి ఇంట్లో కూర్చుని వైర్లు బిగించింది ఇన్నేళ్ళూ ఆమే. అయినా అఫ్రాజ్ ససేమిరా అన్నాడు. పోరగా పోరగా, కొత్త పనిముట్లు కొనడానికి కొట్టు దాకా వస్తాను గానీ లోపలికి మాత్రం రానన్నాడు.

వచ్చాడు. బసవయ్య కొట్టు మెట్టు మీద, లోపలికి వీపు పెట్టి కూర్చున్నాడు. చెవులు మాత్రం లోపలే ఉన్నాయి.

“ఈ సెట్టు పట్టుకెళ్ళమ్మా,” అంటున్నాడు బసవయ్య. “ఇరవై రకాలున్నాయి. పెట్టె తెరిస్తే చాలు, నిన్ను ఇంజినీరనుకుంటారు!”

“ఎవరూ అనుకోవద్దులెండి. దాన్ని మోసుకుని నేను కంకిపాడు బస్సెక్కాలి. ఒక కటింగ్ ప్లయరు, వైరు తొడుగు ఒలిచేది, టేపు, టెస్టరు ఇవ్వండి. పెద్దదొకటి, చిన్నదొకటి స్క్రూ డ్రైవర్లు కూడా.”

“టెస్టరుండగా చిన్నదెందుకమ్మా, దండగ! ఈ ఊళ్ళో ప్రతివాడూ దాంతోనే తిప్పుతాడు. మీ ఆయన తిప్పలేదూ?”

మెట్టు మీద వీపు బిగుసుకుంది.

“తిప్పారండీ,” అంది ముబీనా.

గాజుల చప్పుడు దగ్గరికొచ్చింది. ఆమె పక్కన కూర్చుని, రుమాల్లోంచి ఏదో తీసి అతని ఎడమచేతిలో పెట్టింది. పసుపు పిడి, మసిబారిన మొన. అతని పాత టెస్టర్!

“ఇదెక్కడిది?”

“ఆ రోజు మీరు పడ్డచోట దొరికింది. మీ అమ్మీ కంటపడితే ఇదీ కాలవపాలేనని బియ్యం డబ్బాలో దాచాను. ఊపండి.”

ఊపాడు. లోపల గలగలమంది.

“కబురొచ్చాక ధైర్యం చేసి విప్పాను. బల్బు బాగానే ఉంది. దాని పక్కనుండే నల్లముక్క విరిగిపోయింది. మొన చూడండి, ఎలా మెలి తిరిగిందో. మోటారు స్టార్టర్ల దగ్గర్నుంచి అన్ని స్క్రూలూ దీంతోనే బిగించారు మీరు. ఆ రోజు అది వెలగనిది కరెంటు లేక కాదండీ. అప్పటికే అది చచ్చిపోయింది.”

అఫ్రాజ్ దాన్ని మళ్ళీ ఊపి చూశాడు. బియ్యపు గింజంత ముక్క! ముందు సిగ్గేసింది. ఆ వెనకే, ఇన్నాళ్ళూ గుండెల మీదున్న బండ పక్కకి జరిగినట్టు ఊపిరాడింది. కరెంటు తనని మోసం చెయ్యలేదు. దానికొక కారణముంది.

లేచి కొట్లోకి నడిచాడు.

“టెస్టరివ్వండి బసవయ్యగారూ. మీ ఫ్యాను తిరుగుతున్న బోర్డులోనే పెట్టి చూస్తాను.”

“కొత్తదయ్యా బాబూ!”

“కొత్తదైనా సరే. ముబీనా, ఇలా చూడు. కరెంటున్న చోట ఇది వెలిగిందా, ముందు చూసుకోవాలి. ఆ తర్వాతే, లేదన్న చోట దీని మాట నమ్మాలి.”

చిన్న ఎర్రదీపం వెలిగింది. బసవయ్య మీసం తిప్పాడు.

అఫ్రాజ్ ఎడమచెయ్యి అలవాటుగా పెద్ద ప్లయరు మీదికి పోయింది. ముబీనా దాన్ని పక్కనపెట్టి చిన్నది తీసింది.

“అదేం సరిపోద్ది?”

“మీ చేతికి సరిపోదు.”

ఆ మాట అనేసి ఆమె నాలుక కరుచుకుంది. అఫ్రాజ్ తన ముడుచుకున్న వేళ్ళు చూసుకున్నాడు. తర్వాత ఆమె చెయ్యి చూశాడు. ప్లయరు అందుకుని, రెండుసార్లు నొక్కి, పిడి మీది తొడుగు లాగి చూశాడు.

“ఇది వదులుగా ఉంది. ఇంకోటి తియ్యండి. నిచ్చెన ఎక్కేది మా ఆవిడ.”

ముబీనా పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మరి మెయిను దగ్గర?”

“ఫ్యూజు నేనే పీకి నా జేబులో వేసుకుంటా. నువ్వు నిచ్చెన దిగేదాకా అది బయటికి రాదు.”

“మీ చొక్కాలన్నిటికీ జేబులు చిల్లులే,” అంది ముబీనా కళ్ళు తుడుచుకుంటూ. “ముందు ఇంటికెళ్ళి అవి కుట్టాలి.”