మూడు కుర్చీలకు ఒక్క తాళం

నేను ఒక తాళాన్ని. తలుపుకు వేసే తాళాన్ని కాదు. అగ్గిపెట్టె అంత ఉంటాను. మీగడ రంగు ప్లాస్టిక్ ఒళ్లు, ఒక పక్క ఇరవై ఐదు సూదులు, రెండో పక్క ఇరవై ఐదు చిల్లులు. కంప్యూటర్ వెనక ప్రింటర్ తీగ పెట్టేచోట నన్ను గుచ్చేవారు. యంత్రాల బొమ్మలు గీసే ప్రోగ్రాం ఒకటి ఉండేది. అది నిద్ర లేస్తూనే నా వైపు తిరిగి, ఉన్నావా అని అడిగేది. ఉన్నాను అనేదాన్ని. ఆ ఒక్క మాట మీదే అది తెరుచుకునేది. బొమ్మ గీస్తున్నంతసేపూ నిమిషానికోసారి అదే ప్రశ్న, అదే జవాబు. నా ఉద్యోగమంతా ఇంతే. మొదట్లో చిన్నతనంగా ఉండేది. మనుషుల్ని కొన్నేళ్లు చూశాక, వాళ్ల ఇళ్లల్లోనూ ఇంతకు మించిన పని పెద్దగా జరగదని అర్థమైంది.

నేను ఎక్కడ పుట్టానో సరిగ్గా చెప్పలేను. చల్లటి గది, తెల్ల తొడుగులు వేసుకున్న చేతులు, సీసం కరిగిన వాసన గుర్తున్నాయి. ఆ చేతులు నాలో ఒక అంకె రాసి మూత అతికించాయి. ఆ అంకె ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగినప్పుడు మాత్రం తప్పకుండా అదే చెబుతాను. లోపల ఏదో రాసి ఉండటం, బతుకంతా దాని ప్రకారమే నడవడం, అదేమిటో మనకే తెలియకపోవడం నా ఒక్కదాని సంగతే అనుకోను.

పంతొమ్మిది వందల తొంభై ఏడులో పదకొండు ఫ్లాపీలతో, ఇటుక అంత పుస్తకంతో కలిసి ఒక అట్టపెట్టెలో గాజువాక ఆటోనగర్ చేరాను. అక్కడ జోగారావు గారికి ఒక ఫౌండ్రీ ఉండేది. ఇనుము, ఇత్తడి కరిగించి పంపుల భాగాలు పోతపోసేవారు. షెడ్డు పక్కనే ఒక గదిలో మూడు కంప్యూటర్లు, వాటి ముందు ముగ్గురు డ్రాఫ్ట్స్‌మన్లు. ప్రోగ్రాం మాత్రం ఒక్కటే కొన్నారు.

"మూడు కంప్యూటర్లలోనూ ఎక్కించీండి. లాకు ఎవులి దగ్గరుంటే ఆళ్లు గీస్తారు. మిగతా ఇద్దరూ కొలతలు తీసుకోండి. మనిషి అన్నాక కాసేపు కాగితం కూడా చూడాలి కదా," అన్నారు జోగారావు గారు.

అలా ఆ గదిలో ఒక ఆచారం పుట్టింది. నన్ను ఇచ్చేవాళ్లు "సేవ్ అయ్యింది" అని పైకి చెప్పాలి. అది విన్నాకే అవతలివాళ్లు చెయ్యి చాపాలి. తొందరపడి పీకితే ప్రోగ్రాం ఉన్నపళంగా మూసుకుపోయేది, పొద్దున్నించి గీసినదంతా గాలికి పోయేది. ముగ్గురిలో చిన్నది పైడితల్లి. ఇరవై మూడేళ్లు, విజయనగరంలో ఐటీఐ చదివి వచ్చింది. ఆమె చేతిలోకి వెళ్లినప్పుడు నా సూదులు ఎప్పుడూ వంగలేదు. నన్ను తీసేటప్పుడు రెండు పక్కలా వేళ్లు ఆనించి, నిద్రపోతున్న పసిపిల్ల తల కింద నుంచి చెయ్యి తీసినట్టు తీసేది.

నాకు మొదటిసారి ప్రాణం మీదికి వచ్చింది దసరాకి. ఆయుధ పూజ రోజున ఫౌండ్రీలో సుత్తి దగ్గర నుంచి కొలిమి దాకా అన్నిటికీ పసుపు, కుంకుమ పెడుతూ జోగారావు గారు డిజైన్ గదిలోకి వచ్చారు. నన్ను అరచేతిలో పెట్టుకుని, సూదుల వైపు తడి పసుపు దండిగా రాసి, మధ్యలో కుంకుమ అద్దారు. భక్తిలో లోపం లేదు. మర్నాడు ప్రోగ్రాం అడిగింది. నేను ఉన్నాను అన్నాను. నా గొంతు దానికి వినబడలేదు. తాళం లేదు అని తెర మీద రాసింది. మద్రాసు ఏజెంటుకి ఫోన్ చేస్తే, లాకు పాడైతే ప్రోగ్రాం మళ్లీ కొనుక్కోవాలి అన్నాడు. జోగారావు గారు కుర్చీలో కూలబడ్డారు.

పైడితల్లి కొత్త పళ్ల బ్రష్షు, కాస్త స్పిరిట్ తెప్పించి, సూది తర్వాత సూది గంటసేపు తోమింది.

"బొట్టు కడిగీసావని అమ్మవారు ఏటనుకుంటాదో," అన్నారు జోగారావు గారు.

"ఏటీ అనుకోదు సార్. ఆవిడకి నుదురుంది. దీనికి సూదులున్నాయి. మీరు పైన డొక్క మీద పెట్టాల."

గదంతా నవ్వారు. ప్రోగ్రాం తెరుచుకుంది. ఆ రోజు నుంచి సాయంత్రం నన్ను తీసి దాచే పని పైడితల్లిది.

ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందు ఫోన్లే వినిపిస్తాయి. బయటివాళ్లు పంపిన ఫైళ్లు మా ప్రోగ్రాంలో తెరుచుకునేవి కావు. వాళ్లది కొత్త వెర్షన్, మాది పాతది. "బాబూ, పాత వెర్షన్‌లో సేవ్ చేసి మళ్లీ పంపించీండి. అవునండి, మాది ఇంకా అదే. ఏటి చేస్తాం చెప్పండి," అని పైడితల్లి రోజుకు నాలుగుసార్లు అనేది. ఆ "మాది ఇంకా అదే" అనడంలో సిగ్గు ఉండేది, కొంచెం గర్వమూ ఉండేది.

తొంభై ఎనిమిది వర్షాకాలంలో ఏటి ఒడ్డునున్న ఒక చిన్న పట్టణం నుంచి పగిలిన ఇంపెల్లర్ వచ్చింది. ఊరికి తాగునీళ్లు తోడే పంపులో తిరిగే చక్రం అది. అయిదు రెక్కలు. పాతకాలపు విదేశీ పంపు, బొమ్మలు లేవు. పైడితల్లి పదకొండు రోజులు దాని ముందు కూర్చుంది. పోస్టుకార్డులు కత్తిరించి రెక్క వంపుకు ఆనించి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని, సందు కనిపిస్తే మళ్లీ కత్తిరించింది. పన్నెండో రోజు నన్ను గుచ్చి ఆ వంపును తెర మీదకు ఎక్కించింది. ఒక్క గీత. ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో చెప్పలేనంత నున్నటి గీత. దాన్ని చూస్తూ ఆమె కాసేపు మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది. తాను చేసిన పని తన కంటే పెద్దదిగా కనబడితే మనిషి ముఖం అలా ఉంటుందని అప్పుడు తెలుసుకున్నాను.

ఆ గీతతో పోతపోసిన చక్రం ఇరవై రెండేళ్లు తిరిగింది.

ఈలోగా లోకం మారింది. మిగతా ఇద్దరూ వేరే ఉద్యోగాలకు వెళ్లిపోయారు. నన్ను చేసిన కంపెనీయే మూతపడింది. కొత్త ప్రోగ్రాంలకు తాళం చేతికి దొరకదు. అది ఎక్కడో దూరాన ఉంటుంది, ఏడాదికోసారి గడువు తీరుతుంది, ఇంటర్నెట్ పోతే గీత కూడా గియ్యనివ్వదు. నన్ను గుచ్చే చోటు ఉన్న కంప్యూటర్ ఒక్కటి మిగిలింది. దాన్ని ప్లాస్టిక్ కవరు కప్పి మూల నెట్టారు. నేను దాని కింద సొరుగులోకి చేరాను. పారెయ్యలేదు. ఎందుకు దాచారని అడిగితే ఎవరూ చెప్పలేరు. మనుషులు కొన్ని వస్తువుల్ని దాచరు, వాటి సంగతి తేల్చడాన్ని వాయిదా వేస్తారు.

తర్వాత జరిగింది నేను సొరుగులో ఉండి విన్నదే. ఉత్తేజ్ అని కొత్త ఇంజినీరు వచ్చాడు. చురుకైనవాడు. మా పాత ఫైళ్లు కొత్త ప్రోగ్రాంలో తెరుచుకోకపోతే, ఇంటర్నెట్‌లో ఒక ఉచిత కన్వర్టర్ పట్టుకుని నాలుగు వందల బొమ్మల్ని మూడు రోజుల్లో మార్చేశాడు. అసలు ఫైళ్లు దాచిన, బూజు పట్టిన సీడీల్ని చెత్తలో వేయించాడు. అందరూ మెచ్చుకున్నారు. మారిన బొమ్మల్ని ఒక్కటైనా పెద్దది చేసి ఎవరూ చూడలేదు.

కిందటేడు ఆ ఊరి ఇంపెల్లర్ అరిగిపోయింది. బొమ్మ ఉంది కదా అని పోతపోసి పంపారు. పంపు వేసిన గంటకే పంప్‌హౌస్ నేల అదిరిందట. బేరింగు కాలిపోయింది. ఊరికి రోజు విడిచి రోజు నీళ్లు. రెండోది పోశారు. అదీ అంతే. జోగారావు గారు పైడితల్లిని పిలిచారు. ఆయనకు అరవై దాటాయి, ఆమెకు నలభై ఏడు.

"పైడమ్మా, నీ బొమ్మే తప్పులాగుంది."

"అదే బొమ్మ ఇరవయ్యేళ్లు ఆడింది కదా సార్."

"అప్పుడు పోతకి చెక్క నమూనా చేసిన వడ్రంగి గట్టోడు. నీ తప్పుల్ని ఆడు చేత్తో దిద్దీసుంటాడు. ఇప్పుడు నమూనాని మిషను కోస్తాంది, బొమ్మలో ఉన్నదే కోస్తాంది. సోమవారం నుంచి నువ్వు డిస్పాచ్ చూసుకో. బొమ్మలు బయట ఇచ్చీద్దాం."

ఆమె నా సొరుగు పక్క కుర్చీలో వచ్చి కూర్చుంది. చాలాసేపటికి తనలో తాను గొణుక్కుంది. "అలగ జరిగిపోయిందేటో. ఆ బొమ్మ గీసిన వారం నాకు జ్వరం కూడాను." ఆ వారం ఆమెకు జ్వరం లేదు. నాకు తెలుసు, ఆ పన్నెండో రోజు ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. జ్ఞాపకం కూడా ఒక ఫైలే అనిపిస్తుంది. మనం నమ్మే మనిషి ఒక్క మాట గట్టిగా అంటే చాలు, అది తనను కొత్త రూపంలోకి మార్చుకుని పాతదాన్ని చెత్తలో వేస్తుంది. ఆమె పోగొట్టుకోబోతున్నది కుర్చీని కాదు. ఆ గీతను చూస్తూ మౌస్ మీద నుంచి చెయ్యి తీసిన అమ్మాయిని.

శనివారం పొద్దున్న సొరుగు తెరుచుకుంది.

"మేడమ్, అది ఇంకా పని చేస్తుందంటారా? మ్యూజియంలో పెట్టీచ్చు," అన్నాడు ఉత్తేజ్. వెటకారం కాదు, బెరుకు.

"అసలు ఫైలు దీని హార్డ్ డిస్కులో ఉండాల. తప్పు నాదయితే నా కళ్లతో చూసుకుని డిస్పాచ్‌కి ఎల్లిపోతాను బాబూ."

కవరు తీశారు. కంప్యూటర్ దగ్గి, మూలిగి లేచింది. పైడితల్లి నన్ను గుచ్చింది. ప్రోగ్రాం అడిగింది. ఉన్నాను అన్నాను. అయినా అది ఒప్పుకోలేదు. లోపలి బ్యాటరీ చచ్చిపోయి, ఆ కంప్యూటర్ ఈ రోజును పంతొమ్మిది వందల ఎనభై జనవరి ఒకటి అనుకుంటోంది. అప్పటికి నేను పుట్టనే లేదు. పుట్టని తాళం చెప్పే మాట ఎవరు నమ్ముతారు?

"తేదీ మార్చాల," అంది పైడితల్లి.

"ఈ రోజుది వేసీండి మేడమ్."

"ఇంత ముసిల్ది ఈ రోజును తట్టుకోలేదేమో," అని తొంభై ఎనిమిది ఆగస్టులో ఒక తేదీ కొట్టింది. కీబోర్డు మీద ఆమె వేళ్లు వెతుక్కోలేదు.

తెర నల్లబడి, నెమ్మదిగా తెల్లబడింది. గీత వచ్చింది. పైడితల్లి దాన్ని పెద్దది చేసింది. పదిరెట్లు. వందరెట్లు. ఎంత దగ్గరకు వెళ్లినా నున్నగానే ఉంది. పక్క కంప్యూటర్లో ఉత్తేజ్ తన ఫైలు తెరిచి అదే చోటును పెద్దది చేశాడు. వంపు లేదు. పన్నెండు తిన్నటి పుల్లలు, మూలమూలకీ అతికించినట్టు. అయిదు రెక్కల్లో ఏ రెండూ ఒకేలా లేవు. కాగితం మీద అచ్చేస్తే కనబడనంత చిన్న మూలలు. మనిషైతే అది వంపు అని పోల్చుకుని గరుకు కాగితంతో రుద్దేవాడు. మిషను చెప్పింది చెప్పినట్టు కోసింది.

ఉత్తేజ్ తెర మీద నుంచి కళ్లు తీసి ఆమె వైపు తిరిగాడు. "నేనే చేశాను మేడమ్," అన్నాడు.

"కన్వర్టర్ చేసింది."

"నేను చూడలేదు కదా."

"ఆఁ. చూడలేదు," అంది. ఓదార్చలేదు, తిట్టలేదు. "ఇప్పుడు దీన్ని అటు ఎలా తెస్తావు, అది చెప్పు."

దారి లేదు. మా ప్రోగ్రాం తన భాషలో తప్ప రాయదు. వేరే రూపంలో రాసే భాగాన్ని అప్పట్లో విడిగా అమ్మేవారు, జోగారావు గారు కొనలేదు. కన్వర్టర్ మీద ఇక నమ్మకం లేదు. అప్పుడు పైడితల్లి కుర్చీ తెర దగ్గరకు లాక్కుని, గీత మీద ఒక చుక్క పట్టుకుని, దాని కొలతను పైకి చదివింది.

"రాసుకో. అడ్డం నూట పన్నెండు పాయింట్ నాలుగు సున్నా. నిలువు ముప్పై ఎనిమిది పాయింట్ ఏడు అయిదు."

"కొట్టాను మేడమ్."

"తిరిగి చదువు."

అతను చదివాడు. ఆమె ఊఁ అంది. ఒక రెక్కకు నూట నలభై చుక్కలు, మిగతా నాలుగు రెక్కలూ దాని నకళ్లే. మధ్యాహ్నం జోగారావు గారు గుమ్మం దగ్గర నిలబడ్డారు. రెండు తెరల వైపూ మార్చి మార్చి చూశారు. కాసేపటికి రెండు టీలు వచ్చాయి. ఆ ఆరు గంటలూ నా ఒళ్లు కాలిపోయింది. ఒక్కసారి తడబడినా తెర మూసుకుపోతుంది, ఆ కంప్యూటర్ మళ్లీ లేస్తుందన్న భరోసా లేదు. పాత సీసం అతుకులు కదులుతున్నట్టు తెలుస్తూనే ఉంది. అన్నిసార్లూ ఉన్నాను అన్నాను.

నూట నలభయ్యో చుక్క పడ్డాక ఉత్తేజ్ వాటిని ఒక్క గీతగా కలిపాడు. పైడితల్లి లేచి అతని భుజం మీదుగా వంగి, వందరెట్లు పెద్దది చేయించి చూసింది. "ఇదీ," అంది.

సోమవారం ఆమె డిస్పాచ్‌కి వెళ్లలేదు. వెళ్లమని ఎవరూ అనలేదు. జోగారావు గారు క్షమించమనీ అనలేదు. మిషను కోసిన కొత్త చెక్క నమూనా దగ్గరకు తానే వచ్చి రెక్క వంపు మీద బొటనవేలు చివరిదాకా నడిపి, "నున్నగుంది పైడమ్మా," అని వెళ్లిపోయారు. ఆయన దగ్గర ఉన్న మాటల్లో అదే పెద్దది.

శనివారం సాయంత్రమే ఆ కంప్యూటర్ ఆగిపోయింది, మళ్లీ లేవలేదు. నన్ను గుచ్చే చోటు ఇక ఈ ఆటోనగర్‌లో ఎక్కడా లేదు. పైడితల్లి నన్ను తన సంచీలో వేసుకుంది. పదిహేను రోజుల తర్వాత ఆ సంచీలోనే, కళ్లద్దాల పెట్టెకీ బస్సు టికెట్లకీ మధ్య, ఏటి ఒడ్డున పంప్‌హౌస్‌కి వెళ్లాను. కొత్త ఇంపెల్లర్ బిగించారు. ఉత్తేజ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పైడితల్లి సంచీని రెండు చేతులతో పొట్టకు అదుముకుంది. పంప్ ఆపరేటర్ సింహాచలం మీట పైకెత్తాడు. ఒక నిమిషం అలాగే ఉండి, పంపు మీద చెవి పెట్టి, మొహం చిట్లించుకుని ఇటు తిరిగాడు.

"ఏటమ్మా ఇది, ఆడతాందా నేదా? సప్పుడే నేదు."

"గొట్టం ముట్టుకుని సూడు మావా," అంది పైడితల్లి.

అతను ఊళ్లోకి నీళ్లు వెళ్లే గొట్టం మీద అరచెయ్యి ఆనించాడు. తీసి చూసుకున్నాడు. చెయ్యి చల్లగా, చెమ్మగా ఉంది.