పదకొండు వేలిముద్రలు

కొత్తవాడలో మూతపడ్డ మరమగ్గాల షెడ్డు వెనక గదుల్లో పదకొండు కుటుంబాలు ఉండేవి. కోర్టు అమీను పోలీసులతో వచ్చి వాళ్లను ఖాళీ చేయించాడు. అది జరిగిన మూడో రోజున న్యాయ సేవాధికార సంస్థ తరఫున అడ్వకేటు సుహాసిని అక్కడికి వెళ్లింది. ప్రహరీ గోడను ఆనుకుని రోడ్డు పొడుగునా నీలం టార్పాలిన్ పట్టాలు కట్టి ఉన్నాయి. వాటి కింద మంచాలు, బిందెలు, ఊడదీసిన ఫ్యాన్లు. నల్లకోటును చూడగానే ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి.

"కేసు ఉచితంగా వేస్తామమ్మా. ఎవరెవరు ఎన్నేళ్లుగా ఉంటున్నారో చెప్పండి," అంటూ ఆమె ఫైలు తెరిచింది.

మొదటి పట్టా కింద నుంచి లింగమ్మ లేచి వచ్చింది. అరవై దాటిన మనిషి. ఆమె భర్త మొండయ్య ముప్పై ఏళ్లు అదే షెడ్డులో మగ్గం నడిపి, దగ్గుతో మంచాన పడ్డాడు. ఆమె సుహాసిని మొహంలోకి తేరిపార చూసింది.

"నువ్వు మల్లికార్జున్ వకీలు ఎంబడి వచ్చిన పిల్లవే గదా?"

సుహాసిని ఫైలు మూసింది.

"గీమెనే! మా వేళ్లు వట్టుకొని సిరా అద్దింది గీమెనే!" లింగమ్మ గొంతు వీధి చివరిదాకా వినపడింది. "వాయిదాకు కావాలె, నిశాని పెట్టుండ్రి అన్నవ్. పెట్టినం. రెండేళ్లల్ల ఖాళీ జేస్తమని మేమే రాసిచ్చినమంట! అమీను సదివితేనే తెల్సింది మాకు. మల్ల ఏ కాయితం వట్టుకొచ్చినవే?"

ఎవరో వెనక నుంచి ఫైలు లాగి విసిరేశారు. కాగితాలు మురికినీళ్ల మోరీ దాకా చెదిరిపోయాయి. ఒక్కరూ వంగలేదు. సుహాసినే ఏరుకుంది.

"నేనప్పుడు జూనియర్‌ను. సార్ చెప్పింది చేశాను," అంది లేస్తూ.

"ఆయన చెప్పిండు, నువ్వు జేసినవ్. గిదే ముచ్చట జడ్జి ముందట చెప్తవా? చెప్పేటట్టయితే రా. లేకుంటే ఈ దిక్కు రాకు, కాళ్లు ఇరగ్గొడ్త."

లింగమ్మ అన్నదాంట్లో అబద్ధం లేదు. రెండేళ్ల కింద షెడ్డు యజమాని, బట్టల వ్యాపారి రాజేశ్వర్ రావు వీళ్లను ఖాళీ చేయించాలని దావా వేసినప్పుడు వీళ్లంతా మల్లికార్జున్‌ను నమ్ముకున్నారు. ఆయన యజమానితో కలిసిపోయాడు. పదకొండు ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు తెమ్మని సుహాసినిని పంపాడు. ఆ సాయంత్రం హన్మకొండలోని ఆయన ఆఫీసులో వాటి మీద రాజీ పత్రం టైపు చేసింది కూడా ఆమే. "వాళ్లకు చదివి చెప్పొద్దా సార్?" అని ఒక్కసారి అడిగింది. "చదివితే వాళ్లకేం సమజైతది?" అన్నాడాయన. ఆమె టైపు ముగించి, అందరూ ఇష్టపడే రాజీ పడ్డారని కింద సాక్షి సంతకం కూడా పెట్టింది. ఏడాది తిరగకముందే ఆ ఆఫీసు మానేసింది గానీ, ఎందుకు మానేసిందో ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు కోర్టు ఆవరణలో మల్లికార్జున్ ఆమెను చూసి తనే దగ్గరికొచ్చాడు. సంగతి అప్పుడే ఆయన చెవిన పడింది.

"ఆ కేసు వేరేవాళ్లకు ఇచ్చెయ్ సుహాసినీ."

"ఇచ్చేస్తాను సార్. నేను సాక్షిగా వస్తున్నా."

ఆయన నవ్వాడు. "టైపు చేసింది ఎవరమ్మా? నేనా? నా మీద ఏం రాసినా అందులో నీ పేరే ముందుంటది. నా వకీలు సన్నదు పోతే పోతది, అరవై ఏళ్లొచ్చినయ్ నాకు. నీకింక ముప్పై ఏళ్ల ప్రాక్టీసున్నది. రోడ్డు మీది మనుషుల కోసం నువ్వూ రోడ్డున పడ్తవా?"

ఆ మాటకు ఆమెకు భయమేసింది. రెండు రోజులు ఇల్లు కదలలేదు. మూడో రోజు ప్రమాణ పత్రం రాసుకుని కొత్తవాడ వెళ్లింది. లింగమ్మ దాన్ని ఆమె చేతిలోంచి లాక్కుని, అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసే సరస్వతికి ఇచ్చింది.

"నువ్వు సదువు. ఈమె సదివితే నేను నమ్మ."

సరస్వతి నిలబడి ప్రతి వాక్యం చదివింది. 'నేనే వారిచేత ఖాళీ కాగితాలపై వేలిముద్రలు వేయించాను' అన్న చోట ఒకామె ఉమ్మేసింది. సుహాసిని తలెత్తలేదు. చదవడం అయ్యాక లింగమ్మ "ఊఁ" అని మాత్రం అంది. పిటిషను మీద ఈసారి ఒక్కొక్కరూ ప్రతి పేజీ చదివించుకుని వేలిముద్ర వేశారు. కేసు జీవన్ అనే మరో లాయరు చేపట్టాడు.

సాక్షి బోనులో రాజేశ్వర్ రావు లాయరు ఆమెను గంటసేపు నిలబెట్టాడు. వెనక బెంచీల్లో తోటి లాయర్లు నవ్వుకుంటున్నారు.

"రెండేళ్ల కింద ఇది నిజమైన రాజీ అని సాక్షి సంతకం పెట్టారు. ఇప్పుడు మోసం అంటున్నారు. మీరు అబద్ధమాడింది అప్పుడా, ఇప్పుడా?"

"అప్పుడు," అంది సుహాసిని.

ఐదు నెలలకు తీర్పు వచ్చింది. రాజీ చెల్లదని, గదులు తిరిగి అప్పగించాలని, అసలు దావా మళ్లీ మొదటి నుంచి విచారించాలని. అయితే అప్పటికే కప్పు రేకులు, తలుపులు పోయాయి. ఎనిమిది కుటుంబాలు సూరత్‌కు, భీవండికి మగ్గాల పనికి వెళ్లిపోయాయి. వానల్లో పట్టా కింద దగ్గి దగ్గి మొండయ్య దవాఖానలో చనిపోయాడు. సుహాసిని పేరును ఉచిత న్యాయ సహాయ జాబితాలోంచి తీసేశారు. ఆమె మీదా, మల్లికార్జున్ మీదా బార్ కౌన్సిల్ విచారణ మొదలైంది.

ఆ వారంలోనే ఆమె కొత్తవాడ వెళ్లింది. కప్పు లేని గదిలో లింగమ్మ ఇటుక ముక్కలు ఎత్తిపోస్తోంది. కూర్చోమనలేదు.

"మొండయ్యగారి సంగతి తెలిసింది..."

"ఆయన పేరు ఎత్తకు." లింగమ్మ చేతిలోని తట్ట కింద పడేసింది. "మాఫ్ జేసిన అనుకోని వచ్చినవా? జెయ్యలే. నీ మీద సాక్ష్యం చెప్పుమని నాకూ కాయితమొచ్చింది. పోయి చెప్త. సిరా అద్దింది చెప్త, బోన్ల నిలవడ్డది గూడ చెప్త. రెండిట్ల ఏది పెద్దదో వాళ్లే తేల్చుకోనీ."

"చెప్పమ్మా," అంది సుహాసిని.

"నువ్వు చెప్పుమంటే చెప్పుడేంది? పో ఇగ. పని ఉన్నది నాకు."

సుహాసిని గడప దిగింది. లోపల ఇటుకలు తట్టలో పడుతున్న చప్పుడు మళ్లీ మొదలైంది.