ఫార్మాట్ కొడితే పోనిది

శ్యామ్‌సుందర్‌కు తెలియని విషయం లేదు. ఆయనతో వచ్చిన చిక్కే అది. పదిహేనేళ్లుగా ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో గదంత మెయిన్‌ఫ్రేమ్ దగ్గర ఉద్యోగం. దాంతో షాంటిలీలోని ప్రవాస తెలుగువాళ్లలో ఎవరింట్లో వీసీఆర్ మొరాయించినా ఆయనకే ఫోన్. పీసీలు ఆయన దృష్టిలో పిల్లల ఆటబొమ్మలు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని జయంతి ఆయన గురించి ఎప్పుడో తేల్చేసుకుంది.

ఎనభైతొమ్మిది మార్చిలో ఒక ఆదివారం ఆయన జయంతి ఇంటికే దయచేశాడు. ఆమె భర్త కృష్ణమోహన్, వంతెనలు తప్ప లోకం తెలియని సివిల్ ఇంజనీరు, ఆమెను మాటమాత్రం అడగకుండా భోజనానికి పిలిచేశాడు. వారం నుంచి ఇంట్లో పీసీకి వైరస్. ఆన్ చేయగానే తెరమీద ఒక వెకిలి వాక్యం కనిపిస్తోంది. గురువారానికల్లా జయంతి పీహెచ్‌డీ థీసిస్ కమిటీకి చేరాలి. పాత ఇళ్ల పెయింట్‌లోని సీసం పసిపిల్లల రక్తంలోకి ఎంత చేరుతోందన్నది దాని విషయం. నాలుగేళ్ల శ్రమంతా ఆరు ఫ్లాపీల్లోకి కాపీ చేసి, వాటిని ఎవరూ చెరపకుండా అంచుల్లో వెండి స్టిక్కర్లు అంటించి, మెషీన్ పక్కన పెట్టుకుంది. మెషీన్‌లో ఉన్నది తప్ప ఇంకో కాపీ లేదు.

నిజానికి మందు ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. శుక్రవారం సాయంత్రం యూనివర్సిటీ ల్యాబులో ఇచ్చిన ఫ్లాపీ అది. ఈ వైరస్ కాపురం సి డ్రైవ్‌లో కాదనీ, డిస్కు మొట్టమొదట్లో పార్టిషన్ల పట్టిక ఉండే చోటనీ, సి డ్రైవ్‌ను ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా అక్కడిదాకా పోదనీ ల్యాబువాళ్లు విడమరిచి చెప్పారు. పది నిమిషాల పని. శనివారమంతా ఈ విందు వంటకే సరిపోయింది గనుక ఆమెకు ఆ పది నిమిషాలు చిక్కలేదు.

"ఫార్మాట్ కొట్టేద్దాం," అన్నాడు శ్యామ్‌సుందర్, కుర్చీలో కూలబడుతూనే. "మా ఆఫీస్‌లో డిస్క్ ఇనిషియలైజ్ చేశామంటే గుండు కొట్టించినట్టే చెల్లెమ్మా. ఒక్క వెంట్రుక మిగలదు."

"మరి పార్టిషన్ టేబుల్ సంగతేంటి అన్నయ్యగారూ?"

"అవన్నీ నీకెందుకమ్మా? నువ్వెళ్లి పప్పుచారు సంగతి చూడు."

కృష్ణమోహన్ నవ్వాడు. జయంతికి ఒళ్లు మండింది. అప్పుడే చెప్పేయొచ్చు. కానీ ఈ మహానుభావుడు బోర్లా పడటం కళ్లారా చూడాలని మనసు ఉవ్విళ్లూరింది. "మీ ఇష్టం అన్నయ్యగారూ," అని వినయంగా వంటింట్లోకి నడిచింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు, ఈయనేం పడతాడని పోపు వేస్తూ నవ్వుకుంది.

అనుకున్నట్టే అయింది. ఆయన ఫార్మాట్ చేశాడు, డాస్ ఎక్కించాడు, రీస్టార్ట్ చేశాడు. వెకిలి వాక్యం మళ్లీ ప్రత్యక్షం. ఇంకోసారి చేశాడు. మళ్లీ అదే. "ఇంపాసిబుల్!" అని ఆయన గొణగడం వినబడ్డప్పుడు జయంతికి కడుపు నిండింది. ఇంకాస్త చెమటలు పట్టనీలే అని, తీరుబడిగా అప్పడాలు వేయించడం మొదలుపెట్టింది.

పళ్లెంతో హాల్లోకి వచ్చేసరికి శ్యామ్‌సుందర్ ముఖం వెలిగిపోతోంది.

"దొరికిపోయింది చెల్లెమ్మా! వైరస్ నీ ఫ్లాపీల్లో ఉంది. డ్రైవ్ క్లీన్ చేశాక కూడా వస్తోందంటే ఇంకెక్కడ్నుంచి వస్తుంది? అన్నీ ఫార్మాట్ చేసేశా, ఇదే లాస్ట్. ఏవో స్టిక్కర్లు అడ్డమొస్తే పీకి పారేశా."

ఆరో ఫ్లాపీ డ్రైవ్‌లో ఇంకా గరగరమంటోంది. జయంతి ఒక్క ఉదుటున వెళ్లి దాన్ని లాగేసింది. అప్పటికే అందులో ఏమీ లేదు. హార్డ్‌డిస్కును పైపైన తుడిచి ఊరుకునే ఆ కమాండు, ఫ్లాపీని మాత్రం ఆ కొస నుంచి ఈ కొసదాకా గీకి పారేస్తుంది. పైగా ఆ రోగిష్టి మెషీన్‌లో పెట్టిన పాపానికి ఆరు ఖాళీ ఫ్లాపీలకూ ఇప్పుడు వైరస్ అంటుకుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటారు. ఇక్కడ ఎలుక మాత్రం క్షేమం.

"వైరస్ హార్డ్‌డిస్క్‌లోనే ఉందండీ!" జయంతి గొంతు చీరుకుపోయింది. "మొదటి సెక్టార్‌లో! ఫార్మాట్‌కి అందదని ల్యాబ్‌లో చెప్పారు. క్లీన్ చేసే డిస్క్ కూడా ఇచ్చారు. శుక్రవారం నుంచీ నా బ్యాగ్‌లోనే ఉంది. మీరు చెరిపింది నా థీసిస్!"

శ్యామ్‌సుందర్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. జయంతి పొద్దుట్నుంచీ చూడాలనుకున్న ముఖమే అది. తీరా చూస్తే, ఆమెకు సంతోషం అణుమాత్రం లేదు.

"అన్నీ తెలిసి నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు ఆయన. ఆ గొంతులో ఎకసెక్కం లేదు. నిజంగానే అర్థంకాక అడుగుతున్నాడు. కృష్ణమోహన్ కూడా ఆమెవైపే చూస్తున్నాడు.

జన్మకు ఒక్కసారి ఆ మనిషి సరైన ప్రశ్న వేశాడు. జవాబు జయంతికి తెలుసు. పైకి అనగలిగేది కాదు.