మూడో సీటు ఆపరేటర్

ఆ జాతీయ చరిత్ర మ్యూజియంలో బుధవారం ప్రవేశం ఉచితం. ఆ రోజు తలుపులు తీయగానే బడిపిల్లల కంటే ముందు లోపలికి అడుగుపెట్టే పెద్దావిడ ఒకరుండేవారు. వయసు డెబ్బై అయిదు దాటింది. ఇస్త్రీ చెదరని బట్టలు, చంకలో గొడుగు. రాజుల కత్తుల వంకా, పాత రైలింజను వంకా కన్నెత్తి కూడా చూసేవారు కాదు. మెట్లెక్కి నేరుగా పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి బోర్డు దగ్గరికి వెళ్లి, కళ్లద్దాలు తుడుచుకుని నిలబడేవారు.

ఈ తరం పాఠకులు అలాంటి బోర్డు చూసి ఉండరు. నిలువెత్తు చెక్క బీరువాలా ఉంటుంది. ముందు మూడు ఎత్తు కుర్చీలు. ఊళ్లో ఎవరైనా ఫోనెత్తితే బోర్డు మీద చిన్న రేకుమూత టప్పున పడేది. ఆపరేటర్ "నంబరు చెప్పండి" అని అడిగి, తీగ లాగి సరైన రంధ్రంలో గుచ్చి ఇద్దరినీ కలిపేది. బోర్డు పక్కన గాజుపెట్టెలో ఒక పతకం ఉంది. 'మహావరదలో ఈ ఎక్స్ఛేంజిని నిలబెట్టి వేలమంది ప్రాణాలు కాపాడిన ఇంజనీరుకు బహూకరించినది' అని దాని కింద రాశారు.

ఆ హాలు గార్డు మాటకారి. ఆవిడకు 'బుధవారం పెద్దమ్మ' అని పేరు పెట్టాడు.

"ఏం పెద్దమ్మా, ఇవాళైనా ఫోను మోగిందా?"

"మోగడానికి తీగలు సరిగ్గా ఉంటేగా నాయనా! ఏడో తీగ తెచ్చి పన్నెండులో గుచ్చారు. ఇలాగైతే డాక్టరుకి చేసిన ఫోను క్షవరం కొట్టుకి పోతుంది."

గార్డు పగలబడి నవ్వాడు. "నాతో చెప్తే ఏం లాభం? నాది కాపలా ఉద్యోగం. ఆ బల్ల మీద సలహాల పుస్తకం ఉంది, రాయండి. పెద్దవాళ్లు చూస్తారు."

పెద్దవాళ్లు చూస్తారన్న మాటను ఆవిడ నమ్మారు. వారం వారం కూర్చుని, గుండ్రని అక్షరాలతో పేజీ నింపి వెళ్లేవారు.

ఆ పుస్తకం నెలాఖరున, మ్యూజియం వస్తువుల బాధ్యత చూసే సేకరణల అధికారిణి బల్ల మీదికి చేరేది. ఆమె చెడ్డమనిషేం కాదు. నాలుగు వందల ఏళ్ల నాటి గుడ్డపీలికకు చిమ్మెట పట్టిందని తిండి మానేసి కూర్చున్న మనిషి. సలహాల పుస్తకం విషయంలో మాత్రం ఆమెది మొక్కుబడి వ్యవహారం. మరుగుదొడ్డి బాగోలేదని ఒకరు రాస్తే, బాణం గుచ్చిన గుండె బొమ్మ ఇంకొకరు గీసేవారు. ఇందులో చదవడానికేముందిలే అనుకుని, ప్రతి పేజీ మీదా 'చూశాను' అని ముద్ర కొట్టి, కింద పొట్టి సంతకం పెట్టి పంపేసేది.

మూడేళ్లు గడిచాయి. సామాన్యుల జ్ఞాపకాలతో ఒక ప్రదర్శన పెట్టాలని మ్యూజియం నిర్ణయించింది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక ఆమె పాత సలహాల పుస్తకాలు తెప్పించింది. పేజీలు తిప్పుతుంటే ఒకే చేతిరాత మళ్లీ మళ్లీ కనబడింది. చదవసాగింది.

'ఆ ఉదయం తొమ్మిదికల్లా నీళ్లు మా మెట్ల దాకా వచ్చాయి. వెళ్లిపొమ్మనడానికి ఎవరూ లేరు, ఉండమనడానికీ ఎవరూ లేరు. ఆపరేటర్లం ముగ్గురం ఉన్నాం. దిగువ ఊళ్లలో ఫోనున్న ప్రతి చోటికీ చేశాం. ఇల్లు వదిలి గట్టెక్కండని అరిచి అరిచి మా గొంతులు పోయాయి.'

మరో పేజీలో: 'మధ్యాహ్నానికి కింది గదిలో బ్యాటరీలు మునిగేలా ఉన్నాయి. అవి మునిగితే బోర్డు మూగబోతుంది. మూడో సీటు పిల్లకి పెళ్లయి ఏడాది కూడా కాలేదు. నేను ఎత్తిపెట్టి వస్తానక్కా అంది. ఎత్తిపెట్టింది. బోర్డు మరో నాలుగు గంటలు పలికింది. తను మాత్రం పైకి రాలేదు.'

ఇంకోచోట: 'ఇంజనీరు గారు మంచివారే. కాకపోతే ఆయన మూడో రోజున పడవలో వచ్చారు.'

చివరి పేజీలో చిరునామా ఉంది. 'ఆ పిల్ల పేరు ఇక్కడ రాయను. పిచ్చిగీతల మధ్య ఆ పేరు పడకూడదు. ఎప్పుడైనా పిలవండి, వచ్చి చెబుతాను.'

దాని కింద 'చూశాను' అన్న ముద్ర. ఆ ముద్ర కింద తన సంతకం. అధికారిణి పుస్తకం పట్టుకుని లేచింది. బోర్డున్న హాలు గార్డును పిలిపించింది.

"బుధవారం పెద్దమ్మా? ఏడెనిమిది నెలలైంది మేడమ్, రావట్లేదు" అన్నాడు గార్డు.

ఆ మధ్యాహ్నమే అధికారిణి ఆ చిరునామా వెతుక్కుంటూ వెళ్లింది. పెద్దావిడ కోడలు తలుపు తీసింది. మ్యూజియం నుంచి అని చెప్పగానే కోడలి ముఖం అదోలా అయిపోయింది.

"ఇప్పుడొచ్చారా అండీ! మా అత్తయ్య ఎంత ఎదురు చూశారో. వాళ్లు కబురు చేస్తారమ్మా, నేను ఇంట్లో లేకపోతే కాసేపు కూర్చోబెట్టు అని చెప్పి మరీ బయటికెళ్లేవారు. ఎందుకత్తయ్యా అంటే, ఉందిలే ఒక పని అనేవారు."

పెద్దావిడ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడిచెయ్యి స్వాధీనంలో లేదు. అధికారిణి కాళ్ల దగ్గర కూర్చుని బోర్డు ఫోటో చూపించింది. ఆవిడ కళ్లు వెలిగాయి. ఎడమచేతి వేలు మూడో కుర్చీ మీదికి వెళ్లి ఆగింది.

"ఆ అమ్మాయి పేరేంటమ్మా?"

పెదవులు కదిలాయి. గాలి తప్ప మాట రాలేదు. అక్షరాల పలక తెచ్చి ముందు పెట్టారు. వేలు అటూ ఇటూ తిరిగి జారిపోయింది. మాటతోపాటు అక్షరాలూ పోయాయని డాక్టర్లు ముందే చెప్పారట. ఆవిడ కళ్లవెంట నీళ్లు కారుతుంటే కోడలు కొంగుతో తుడిచింది.

"మాకూ తెలీదండీ. పాత రోజులు చెప్పబోతే, సర్లే అత్తయ్యా, అన్నం చల్లారిపోతోంది అనేవాళ్లం" అంది తల వంచుకుని.

అధికారిణి ఊరుకోలేదు. ఎక్స్ఛేంజి దస్తావేజులన్నీ తిరగేసింది. ఆ ముగ్గురూ తాత్కాలిక ఉద్యోగినులు. హాజరు పట్టీలో పేర్లు లేవు. సీటు ఒకటి, సీటు రెండు, సీటు మూడు అని మాత్రమే ఉంది. రెండో సీటు పెద్దావిడది. మొదటి సీటావిడ పోయి ఇరవై ఏళ్లయింది. మూడో సీటు పిల్ల అత్తింటివారు వరద తర్వాత ఎటు వెళ్లారో చెప్పేవారు లేరు. పతకం అందుకున్న ఇంజనీరు గురించి మాత్రం లావుపాటి ఫైలు దొరికింది.

ప్రదర్శనలో మూడో కుర్చీ దగ్గర పెట్టడానికి ఆమె రాసిన కొత్త చీటీ చూసి మ్యూజియం డైరెక్టరు ఉలిక్కిపడ్డాడు.

"మన తప్పు మనమే గోడకెక్కిస్తామా? సంస్థ పరువేం కావాలి?"

"పరువు కోసం అబద్ధం ఆడితే ఇది చరిత్ర మ్యూజియం ఎలా అవుతుంది సార్? 'చూశాను' అని నేను సంతకం పెట్టిన పేజీని కూడా ఈ చీటీ పక్కనే గోడకెక్కించండి."

ఆయన ఆ కాగితం ఇంకోసారి చదివి, సరేనన్నాడు.

ప్రారంభం రోజున కోడలు పెద్దావిడను చక్రాల కుర్చీలో తీసుకొచ్చింది. కొత్త చీటీని ఆవిడ చెవిలో చదివి వినిపించింది: 'మూడో సీటు ఆపరేటర్. వరదలో బ్యాటరీలు కాపాడి ప్రాణం విడిచింది. ఈమె పేరు తెలిసిన మనిషి రెండేళ్లపాటు మా గుమ్మం తొక్కారు. మేం అడగలేదు.'

పెద్దావిడ పెదవులు మళ్లీ కదిలాయి. అధికారిణి వంగి చెవి పెట్టింది. ఊపిరి మాత్రమే వినబడింది. ఆమె లేచి, వచ్చినవారి వైపు తిరిగింది. ఉపన్యాసం రాసుకున్న కాగితం చేతిలో నలిగిపోయింది.

"మేం కుర్చీలకు పాలిష్ పెట్టాం, పతకానికి గాజుపెట్టె కట్టాం. వాటి కథ తెలిసిన మనిషి మాత్రం నిలబడి నిలబడి వెళ్లిపోయారు. ఈ తప్పు నేను దిద్దుకోలేను. మీరు చేయకండి. మీ ఇంట్లోనూ, మీరు పనిచేసే చోటా ఇలాంటి పెద్దవాళ్లుంటారు. ఇవాళే వెళ్లి పక్కన కూర్చోండి. వస్తువు వందేళ్లయినా ఆగుతుంది, మనిషి ఆగడు. మాట ఉండగానే అడగండి, అడిగి వినండి."