నల్ల గార

చమురు బావుల్లోంచి పీకిన పైపులు శుభ్రం చేయడానికి ఆ షెడ్డుకి వచ్చేవి. లోపల గార రాయిలా పట్టేసి, బొటనవేలు దూరేంత సందు కూడా మిగిలేది కాదు. తెల్ల గారైతే యాసిడ్ పోయగానే బుసబుసా పొంగి కరిగిపోతుంది. నల్ల గారకి యాసిడ్ తగిలితే మాత్రం విషవాయువు పుడుతుంది.

ఆ సంగతి పదేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న బక్కాయనకి బాగా తెలుసు. సూపర్‌వైజరు అతనికి సొంత బావ. నలుగురిలో "పిరికి సన్నాసి" అని పిలిచేవాడు. అక్క మొహం చూసి బక్కాయన నవ్వేసి ఊరుకునేవాడు.

ఆ మధ్యాహ్నం వచ్చినవన్నీ నల్ల గార పైపులే. బక్కాయన ఓ పెచ్చు ఊడదీసి చుక్క యాసిడ్ వేశాడు. గుప్పున కుళ్ళిన గుడ్ల కంపు.

"బావా, దీనికి యాసిడ్ వద్దు. నీళ్ళ జెట్టుతో కొడదాం. రెండ్రోజుల్లో అయిపోతుంది."

"సాయంత్రం లారీ వస్తుంది. ఆగమని మీ తాత చెప్తాడా?"

అందరూ నవ్వారు.

"పోనీ గాలి మాస్కైనా ఇవ్వు."

"ఇవ్వను. స్టోరు తాళం నా జేబులోనే ఉంది. ఒక్కరోజు మగాడిలా పనిచెయ్యి, లేదా పోయి మీ అక్క కొంగు పట్టుకో."

బక్కాయన మొహం కందిపోయింది. పైపులు పేర్చిన గుంటలోకి దిగి, వాటిల్లోకి యాసిడ్ వదిలాడు. బావ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"కంపొస్తోందిరా?"

"ఇందాక వచ్చింది బావా. ఇప్పుడు రావట్లేదు."

"చూశావా! అంతా నీ భ్రమ."

ఆ వాయువు ఎక్కువైతే వాసన తెలియకుండా ముందు ముక్కునే చంపేస్తుంది. ఆ మాట అన్నాక అది గుర్తొచ్చిందేమో, బక్కాయన చటుక్కున తలెత్తి చూశాడు. నిచ్చెన మీద చెయ్యి వేయబోయి బోర్లా పడ్డాడు.

పక్కనే పనిచేస్తున్న వెల్డరు తాళం పగలగొట్టి మాస్కు తేవడానికి స్టోరు వైపు పరిగెత్తబోతే బావ భుజం పట్టుకుని ఆపాడు. "నాటకాలు. లేస్తాడులే."

లేవలేదు. చాలాసేపటికి బావ స్టోరు తెరిచి, తనొక మాస్కు తగిలించుకుని, ఇంకొకటి చేతబట్టుకుని దిగాడు. రెండోదాన్ని శవం పక్కన పడేసి పైకొచ్చాడు.

ఇంట్లో భార్య చెయ్యి పట్టుకుని చెప్పాడు: "మాస్కు పెట్టుకోరా అని మొత్తుకున్నానే. విన్నాడా?"

"వాడంతే. చిన్నప్పట్నుంచీ మొండివెధవ," అంటూ ఆవిడ తమ్ముణ్ణి తిట్టుకుంటూ మొగుడి భుజం మీద పడి ఏడ్చింది.

బావ వెంట వచ్చిన వెల్డరు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. కాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుని అతనికి మంచినీళ్ళిచ్చింది. తాగి, గ్లాసు కింద పెట్టి, వెళ్ళిపోయాడు.